ఔట్‌లైనర్

ఔట్‌లైనర్ అంటే ఆలోచనలను అంతరాల వారీగా రాసుకునే సాఫ్ట్‌వేర్. ఒక పంక్తి కింద ఎన్ని ఉప పంక్తులైనా చేర్చుకోవచ్చు, అక్కర్లేనప్పుడు మూసి దాచేయొచ్చు. పై పంక్తిని జరిపితే దాని కిందున్నవన్నీ వెంటే కదులుతాయి. ముందు తోచింది తోచినట్టు రాసేసి, వరుస తర్వాత కుదుర్చుకునే వీలు ఇక్కడుంది.

ఈ వీలును జనం ముందు మొదట చూపినవాడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆయన ప్రదర్శన మౌస్‌ను లోకానికి చూపిన రోజుగానే ఎక్కువమందికి గుర్తుంది. కానీ ఆ గంటన్నరలో ఆయన తెర మీద పెట్టినవాటిలో ఒకటి అచ్చంగా ఇంటి సరుకుల చీటీ: అరటిపళ్లు, క్యారెట్లు, నూడుల్స్, ఆస్పిరిన్. వాటిని రకాల వారీగా విడదీశాడు, ఒక్కో రకాన్ని మూసి తెరిచాడు, వరుస మార్చాడు. ఆ తర్వాత ఇంటికెళ్లే దారిలో ఎక్కడెక్కడ ఆగాలో ఒక పటం మీద చూపించాడు. ఎన్ఎల్ఎస్ అనే ఆ వ్యవస్థను స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఆయన బృందం తయారుచేసింది. దానికి పెద్ద కంప్యూటరు కావాలి, వాడేవాళ్లకు తర్ఫీదూ కావాలి. అందుకే అది మామూలు మనిషి బల్ల మీదికి రాలేదు.

ఆ పని డేవ్ వైనర్ చేశాడు. ఆయన కంపెనీ లివింగ్ వీడియోటెక్స్ట్ 1983లో యాపిల్ 2 కోసం థింక్‌ట్యాంక్‌ను విడుదల చేసింది. ఆ యంత్రం తెర మీద ఒకసారికి 24 వరుసలే పట్టేవి. పొడుగాటి రాతలో ఎక్కడున్నామో తెలియని అలాంటి చోట, పంక్తులను మూసిపెట్టుకునే సదుపాయం నిజంగానే అక్కరకొచ్చింది. 1986లో అదే కంపెనీ మాకింటోష్‌కు తెచ్చిన ‘మోర్’ ఇంకో అడుగు వేసి, రాసుకున్న జాబితాను బులెట్ చార్టులుగా మార్చి ఇచ్చింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ సిమాంటెక్‌లో కలిసిపోయింది. పవర్‌పాయింట్ మార్కెట్లోకి వచ్చిందీ 1987లోనే. బులెట్ చార్టుల పని క్రమంగా దాని చేతికి వెళ్లింది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోనూ ఔట్‌లైన్ వ్యూ చేరింది, అయితే దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువే.

పెద్ద సాఫ్ట్‌వేర్లు ఒక సదుపాయంగా మింగేశాక ఔట్‌లైనర్‌ను విడిగా అమ్ముకోవడం కష్టమైంది. 1993లో వచ్చిన ఎకో ప్రో అనే ఔట్‌లైనర్‌కు వీరాభిమానులున్నా, నెట్‌మేనేజ్ కంపెనీ చేతిలోకి వెళ్లాక 1997లో దాని అభివృద్ధి ఆగిపోయింది.

వైనర్ మాత్రం వదల్లేదు. 2000లో ఆయన తెచ్చిన ఓపీఎంఎల్ ఔట్‌లైన్లను ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి చేరవేసే ఫార్మాట్. ఇవాళ ఒక పాడ్‌కాస్ట్ యాప్ నుంచి మరోదానికి తమ జాబితాను మార్చుకునేవాళ్లు చాలామంది తెలియకుండానే దాన్ని వాడుతున్నారు. 2003లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఖగోళ శాస్త్రవేత్త కార్‌స్టెన్ డొమినిక్ తన నోట్సు కోసం ఈమాక్స్ ఎడిటర్‌లో ఆర్గ్ మోడ్ రాసుకున్నాడు. అందులో ఒక నక్షత్రం గుర్తు పెడితే శీర్షిక, రెండు పెడితే ఉపశీర్షిక. ఫైలు మాత్రం సాదా అక్షరాలే, కాబట్టి ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది.

2010లో వచ్చిన వర్క్‌ఫ్లోయీ ఈ ఆలోచనను బ్రౌజర్‌లోకి తెచ్చింది. తెరిస్తే ఖాళీ పేజీ, ఒక చుక్క, అంతే. ట్యాబ్ మీట నొక్కితే పంక్తి లోపలికి జరుగుతుంది. చుక్క మీద క్లిక్ చేస్తే ఆ ఒక్క అంశమే పేజీ అంతా పరుచుకుంటుంది, మిగతా గోలంతా పక్కకు పోతుంది.

అయినా పాత చిక్కు ఒకటి మిగిలింది: శాఖల అమరికలో ఒక అంశం ఒక్క చోటే ఉండాలి. డాక్టరును అడగాల్సిన ప్రశ్న ‘ఆరోగ్యం’ కింద రాయాలా, ‘సోమవారం పనులు’ కింద రాయాలా? ఎకో ప్రో ఒకే అంశాన్ని పలు చోట్ల చూపించి దీన్ని 1990ల్లోనే కొంత తీర్చింది. రోమ్ రిసెర్చ్ అనే యాప్ 2020 ప్రాంతంలో పంక్తుల మధ్య రెండు వైపులా లింకులు పెట్టి ఇదే పనికి మళ్లీ పూనుకుంది. ఆ దారిలోనే వచ్చిన ఓపెన్ సోర్స్ లాగ్‌సెక్, రాతలను వాడేవారి కంప్యూటర్లోనే సాదా ఫైళ్లుగా దాచేలా మొదలైంది. ఆ ఫైళ్లను మార్క్‌డౌన్‌లో గానీ, డొమినిక్ ఆర్గ్ ఫార్మాట్‌లో గానీ ఉంచుకోవచ్చు.