చేతులు ఖాళీ లేనివాళ్ల వినోదం

కొత్త టీవీ కొనాలంటే మగవాళ్లు అంగుళాలు లెక్కపెడతారు. పిల్లలు ఇందులో యూట్యూబ్ వస్తుందా అని అడుగుతారు. నేను మాత్రం ఒకటే ఆలోచిస్తాను. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చున్నప్పుడు దీనివల్ల నాకేమైనా ఒరుగుతుందా? నవ్వకండి. రేడియో నుంచి సెల్‌ఫోన్ దాకా మన ఇళ్లలోకి వచ్చిన వస్తువుల చరిత్రను ఈ ప్రశ్న పెట్టుకుని చూడండి. అన్నీ ఇంటిల్లిపాదికీ అని చెప్పి కొన్నవే. ఇల్లాలి దాకా వచ్చినవి ఎన్నో అప్పుడు తెలుస్తుంది.

మొదట వచ్చింది రేడియో. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. హైదరాబాదులో 1930ల్లోనే నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉండేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న వచ్చింది. అప్పటి రేడియో అంటే మనం చూసిన చిన్న పెట్టె కాదు. లోపల గాజు వాల్వులు, బయట చెక్క పెట్టె, పైన ఏరియల్ తీగ. కరెంటు ఉన్న ఇంట్లోనే, అదీ ముందుగదిలో, బల్ల మీద ఉండేది. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. ఊళ్లో నాలుగిళ్లకు ఒక రేడియో ఉంటే గొప్ప. మగవాళ్లు కుర్చీల్లో కూర్చుని వార్తలు వింటుంటే ఆడవాళ్లు గడప ఇవతల నిలబడి వినేవారని మా అమ్మమ్మ చెప్పేది. పాట మధ్యలో ఉన్నా సరే, వార్తల టైము అయితే స్టేషను మారిపోయేదట.

ఈ పరిస్థితిని మార్చింది ట్రాన్సిస్టర్. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ముగ్గురు శాస్త్రవేత్తలు కనిపెట్టిన చిన్న పరికరం అది. వాల్వు చేసే పనిని తక్కువ కరెంటుతో, వేడెక్కకుండా చేసింది. 1954లో అక్కడ జేబులో పట్టే రేడియో అమ్మకానికి వచ్చింది. తర్వాత మన దేశంలోనూ ట్రాన్సిస్టర్లు వచ్చాయి. బ్యాటరీలతో పనిచేస్తుంది, ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు. అలా రేడియో ముందుగదిలోంచి వంటింటి గూట్లోకి వచ్చింది. సైన్సు పుస్తకాల్లో ట్రాన్సిస్టర్ గురించి చాలా రాస్తారు కానీ, ఈ సంగతి ఎవరూ రాయరు!

వంటింట్లోకి వచ్చాక రేడియో మనకు గడియారం కూడా అయింది. భక్తిరంజని వస్తుంటే కాఫీ డికాక్షన్ వేయాలి. వార్తలు మొదలైతే పిల్లలకు జడలు వేయాలి. మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం, ఎప్పుడైనా ఒక నాటకం, సినిమా శబ్దచిత్రం. 1952లో ఆకాశవాణి సినిమా పాటల్ని బాగా తగ్గించేస్తే జనం రేడియో సిలోన్ వైపు మళ్లారు. వాళ్లను వెనక్కి రప్పించడానికే 1957 అక్టోబర్ 3న వివిధభారతి పెట్టారు. పిండి రుబ్బుతున్నా, బట్టలు ఉతుకుతున్నా చెవులు ఖాళీయే కదా! రేడియో ఆ చెవుల్నే అడిగింది, చేతుల్ని అడగలేదు.

టీవీ అలా కాదు. అది కళ్లను కూడా అడిగింది. అంటే ఆడవాళ్లు పని ఆపి వచ్చి కూర్చోవాలి.

మన రాష్ట్రంలో పల్లె జనం టీవీని మొదట చూసింది ఇళ్లలో కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ప్రభుత్వం అమెరికా ఉపగ్రహం సాయంతో సైట్ అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరందరూ ఒకచోట కూర్చుని చూడటమే. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. 1982లో రంగులొచ్చాయి. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి అంటే ఆ రోజు కూర ముందే అయిపోవాలి. 1987 జనవరి 25న రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున్నే ఇల్లంతా హడావుడి. తొమ్మిదిన్నరకల్లా టిఫిన్లు పెట్టి, గిన్నెలు తోమి, టీవీ ముందు చేరాలి. టీవీ లేని ఇరుగుపొరుగు కూడా వచ్చేవారు. వాళ్లకు మంచినీళ్లు, చాపలు ఎవరు చూసుకునేవారో మీకు చెప్పక్కర్లేదు.

అదే కాలంలో వీసీఆర్ వచ్చింది. పండగకో పెళ్లికో ఒక రాత్రికి అద్దెకు తెచ్చి వరసగా మూడు సినిమాలు వేసేవారు. మొదటి సినిమాకి ఇల్లాలు వంటింట్లో ఉండేది. రెండో సినిమాకి అందరికీ టీలు ఇచ్చేది. మూడో సినిమాకి గోడకు ఆనుకుని నిద్రపోయేది. ఆ రోజుల్లో పెళ్లయినవాళ్లను అడగండి, సగం సినిమాలకు కథ మొదలు తెలిస్తే ముగింపు తెలియదు.

తర్వాత కేబుల్. 1991 గల్ఫ్ యుద్ధంతో మన దేశంలో విదేశీ ఛానళ్ల సంగతి అందరికీ తెలిసింది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. తెలుగు డైలీ సీరియళ్ల కాలం మొదలైంది. ఇక్కడే మన మీద జోకులూ మొదలయ్యాయి. 'ఆడవాళ్లకు సీరియళ్ల పిచ్చి' అని. ఆ జోకులు వేసేవాళ్లకు సీరియల్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే బాగుండును.

సీరియల్ పుట్టింది టీవీలో కాదు, రేడియోలో. 1930ల్లో అమెరికాలో ఇర్నా ఫిలిప్స్ అనే ఆవిడ ఇల్లాళ్ల కోసం పగటిపూట రోజూ వచ్చే రేడియో నాటకాలు రాసింది. వాటికి డబ్బు పెట్టినవి సబ్బుల కంపెనీలు. అందుకే వాటికి సోప్ ఒపెరా అని పేరొచ్చింది. ఆవిడ మొదలుపెట్టిన గైడింగ్ లైట్ 1937లో రేడియోలో వచ్చి, 1952లో టీవీకి మారి, 2009 దాకా నడిచింది. పని చేసుకుంటూ వినేవాళ్ల కోసం రాసిన కథ కాబట్టి నిదానంగా నడవాలి. జరిగిందే మళ్లీ చెప్పాలి. మధ్యలో పాలు పొంగితే వెళ్లి వచ్చినా కథ అర్థం కావాలి.

ఇప్పుడు మన చక్రవాకం, మొగలిరేకులు గుర్తు తెచ్చుకోండి. ఒకే మాట మూడుసార్లు, అత్తగారి ముఖం మూడుసార్లు, వెనక డబడబమని శబ్దం. అది సాగదీయడమే, నేను కాదనను. కానీ పోపు వేస్తూ వినే మనిషికి ఆ శబ్దం ఒక కబురు. 'ఏదో జరిగింది, ఒక్కసారి ఇటు చూడు' అని. క్రికెట్ మ్యాచ్‌కి రోజంతా కదలకుండా కూర్చునేవాళ్లకు ఆ అవసరం రాదు. చేతులు ఖాళీ లేని మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైన వినోదం ఇదొక్కటే. అందులోని కథలు మనకు మంచి చేశాయా అంటే, అది వేరే విషయం. ఎప్పుడూ ఏడ్చే కోడళ్లు, విషం పెట్టే ఆడపడుచులు నాకూ నచ్చరు. మన టైము పట్టుకున్నారు కానీ మన బుద్ధికి విలువ ఇవ్వలేదని నా బాధ.

ఇక ఇప్పటి సంగతి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఫోన్లో వీడియో చూడటం చవకైంది. ఒకరకంగా ట్రాన్సిస్టర్ మళ్లీ వంటింటి గూట్లోకి వచ్చినట్టే. ఫోన్ అక్కడ పెట్టుకుని ప్రవచనమో పాత పాటలో కథో వింటూ పని చేసుకోవచ్చు. ఎవరి వార్తల టైమూ అడ్డురాదు. ఇది మామూలు మేలు కాదు.

కానీ ముందుగదిలోని టీవీ మాత్రం మనకు మళ్లీ దూరమైంది. పాత రేడియోకి రెండు మరలు. ఒకటి తిప్పితే మోగుతుంది, ఇంకోటి తిప్పితే స్టేషను. ఇప్పుడు టీవీకో రిమోట్, సెట్‌టాప్ బాక్సుకో రిమోట్. ఓటీటీ తెరవాలంటే పాస్‌వర్డ్, ఓటీపీ. ఆ ఓటీపీ ఆఫీసులో ఉన్న ఆయన ఫోన్‌కి వెళ్తుంది. మధ్యాహ్నం ఒక సినిమా చూసుకోవాలంటే 'ఏవండీ, నంబరు వచ్చిందా?' అని ఫోన్ చేయాలి. మీటింగులో ఉన్నాను అంటారాయన. అమ్మమ్మ నిలబడిన గడప పోయింది అనుకున్నాం కానీ, అది ఓటీపీ రూపంలో అక్కడే ఉంది.

అందుకే నా సలహా. ఇంట్లోకి ఏ వస్తువు కొన్నా, అకౌంట్ తెరిచేటప్పుడే మీ నంబరు ఇవ్వండి. పాస్‌వర్డ్ ఆయనకే కాదు, మీకూ తెలియాలి. షాపులో కుర్రాడు మీవారికి చూపించేటప్పుడు, 'నాకు చూపించు బాబూ, రోజంతా ఇంట్లో ఉండేది నేనే' అనండి. మీ అత్తగారికో అమ్మగారికో కూడా ఒకసారి కూర్చుని నేర్పండి. వాళ్లు రేడియో మర తిప్పిన చేతులే, బటన్ నొక్కలేరా?

మీ ఇంట్లో టీవీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో ఈ సాయంత్రం అడిగి చూడండి. ఏమన్నారో నాకూ చెప్పండి.