సెయింట్ లూయిస్ పిల్లాడి పంతం

దగ్గరికి జరగండర్రా, ఆ కట్టె కాస్త ఎగదొయ్యండి. ఇవాళ బేస్‌బాల్ ఆడిన యోగి బెర్రా ముచ్చట చెబుతాను.

అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊళ్లో 'ద హిల్' అని ఒక పేట. ఇటలీ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లది. యోగి తండ్రి పియెత్రో ఇటుకబట్టీ కూలీ. 1925లో పుట్టాడు యోగి. ఎదురింటి జో గరజియోలాతో పొద్దస్తమానం ఆటే. అయితే సాయంత్రం ఫ్యాక్టరీ కూత వినబడిందా, ఎంత రసపట్టులో ఉన్నా ఇంటికి పరుగెత్తాల్సిందే. నాన్న వచ్చేసరికి బల్ల మీద బీరు ఉండాలి మరి! చదువు ఎనిమిదో తరగతితో సరి. ఆట కూడు పెడుతుందంటే ఆ తండ్రి నమ్మలేదు. వీణ్నయినా ఆడనివ్వమని అన్నలే బతిమాలారు.

అసలు సంగతి ఇక్కడుంది. ఊరి జట్టు కార్డినల్స్ వాళ్లు గరజియోలాకి 500 డాలర్లు ఇస్తామని, యోగికి అంతకన్నా తక్కువ చూపారు. లేమి ఇల్లే, అయినా వీడు ఒప్పుకోలేదు. స్నేహితుడి మీద అసూయ కాదర్రా, తన ఆటకూ అంతే విలువ కట్టమన్నాడు. చివరికి న్యూయార్క్ యాంకీస్ వాళ్లు ఆ 500 ఇచ్చారు. మధ్యలో యుద్ధం; 1944లో నార్మండీ తీరాన నేవీ పడవలో ఉన్నాడు. తిరిగొచ్చి యాంకీస్‌లో, బంతులు పట్టే క్యాచర్‌గా పేరు తెచ్చుకుని 10 వరల్డ్ సిరీస్‌లు, అంటే ఏడాది చివరి టైటిల్ పోరులు, గెలిచాడు. ఆటగాడిగా అన్ని గెలిచినవాడు మరొకడు లేడు.

1964లో యాంకీస్ మేనేజరయ్యాడు. ఎవరు ఆడాలో, ఎవర్ని ఎప్పుడు మార్చాలో తేల్చేది ఆయనే. తొలి ఏడే జట్టును వరల్డ్ సిరీస్‌కి తెచ్చాడు. ఎదురుగా ఎవరనుకున్నారు? ఆ కార్డినల్సే! ఏడో మ్యాచ్‌లో ఓడితే మర్నాడే ఉద్యోగం పీకేశారు. నాకిప్పటికీ మనసొప్పదు. 1973లో మెట్స్ జట్టునూ వరల్డ్ సిరీస్ దాకా నడిపించాడు. యాంకీస్ మళ్లీ పిలిచారు. 1985లో 16 మ్యాచ్‌లకే తీసేశారు, అదీ యజమాని స్టైన్‌బ్రెన్నర్ మొహం చూపించకుండా ఇంకొకరి చేత కబురంపి. ఆ చిన్ననాటి పంతం మళ్లీ లేచింది. 14 ఏళ్లు యాంకీ స్టేడియం గడప తొక్కలేదు. 1999లో యజమానే వెతుక్కుంటూ యోగి ఉండే న్యూజెర్సీకి వచ్చి, తప్పైందన్నాక మెత్తబడ్డాడు.

ఆ జూలై 18న స్టేడియంలో యోగి పేరిట ఉత్సవం. 1956 వరల్డ్ సిరీస్‌లో యాంకీస్ పిచర్, అంటే బంతులు విసిరేవాడు, డాన్ లార్సెన్ ఒక్క బ్యాటర్నీ బేస్ చేరనివ్వకుండా మ్యాచ్ ముగించినప్పుడు, ఆ బంతులు పట్టింది యోగి. ఆ లార్సెన్నే పిలిపించి తొలి బంతి వేయించారు, యోగి పట్టాడు. ఆ వెంటనే అసలు మ్యాచ్. నమ్ముతారో లేదో, యాంకీస్ పిచర్ డేవిడ్ కోన్ ఆ పూట వచ్చిన 27 మందినీ బేస్ చేరకుండానే వెనక్కి పంపేశాడు!