గోడమీది దయ్యము, గోడమీది అక్షరము

గుడిబండె, బాగేపల్లి, చింతామణి ప్రాంతములందు మనవంటి కుటుంబములకు ఇంటి భాష తెలుగు; బడి భాష, కచ్చేరి భాష కన్నడము. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినప్పుడును ఈ సీమ మైసూరు రాష్ట్రమునందే నిలిచినది. బడిలో తెలుగు నేర్వని పిల్లలకు తెలుగక్షరము పెద్దదిగా కనబడు తావులలో సినిమా వాల్ పోస్టరు ఒకటి. రెండు లిపులును ఒక తల్లి బిడ్డలే గనుక, కన్నడము వచ్చిన బాలుడు ఆ పేరును కూడబలుకుకొని చదువగలడు.

ఇట్టి పోస్టర్లలో పిల్లలను నిలువబెట్టునవి దయ్యపు బొమ్మలు. తెలుగున అట్టి చిత్రములకు పెట్టినది పేరు బి. విఠలాచార్యగారు. ఆయన 1920లో ఉడుపి సమీపమున ఉద్యావరలో జన్మించిన కన్నడిగులు; తెలుగువారికి ‘జానపద బ్రహ్మ’ అయిరి. 1978 నాటి ‘జగన్మోహిని’లో దయ్యము కట్టెలకు మారుగా తన కాళ్లనే పొయ్యిలో పెట్టును. రెండు భాషల నడుమ బ్రదుకు మనకు ఆయన జీవితము వింతగా తోచదు.

జపానులో మసాకి కొబయాషి 1964లో ‘క్వైదాన్’ అను చిత్రమును తీసెను. మరుసటి యేట దానికి కాన్ చలనచిత్రోత్సవమున బహుమానము లభించినది. అందొక కథలో హోయిచి అను అంధగాయకుని ప్రేతములు రాత్రివేళ పాటకు పిలుచుకొని పోవుచుండును. అతనిని కాపాడుటకై ఒడలంతయు బౌద్ధసూత్రములు వ్రాయుదురు. చెవులను మాత్రము మరతురు. ప్రేతము ఆ చెవులను పెరికికొని పోవును. అక్షరములు నిండిన ఆ ముఖమే ఆ చిత్రపు పోస్టర్లపైకి ఎక్కినది.

మనవారును దయ్యమును ఆపుటకు అక్షరమునే నమ్మిరి. 1990 ప్రాంతమున కన్నడ పల్లెల తలుపులపై ‘నాళె బా’ అనియు, తెలుగు పల్లెలలో ‘ఓ స్త్రీ రేపు రా’ అనియు వ్రాసిరి. దయ్యము అది చదివి మరలిపోవునని విశ్వాసము.

పోస్టరు ఆయుస్సు స్వల్పము. వానకు నానును; దానిపై మరియొకటి అంటింపబడును. జపానువారు తమ పాత పోస్టర్లను టోక్యోలోని జాతీయ చలనచిత్ర భాండాగారమున భద్రపరచిరి. మన దేశమున 1964లో పుణెయందు నెలకొల్పిన భాండాగారమును పోస్టర్లను సేకరించినది. కాని ఏ ఊరి గోడపై ఏ తెలుగు బొమ్మ వెలసెనో అది ఆ యూరివారే చెప్పవలెను. పాత పెట్టెల అడుగున పరచిన పోస్టరు గాని, ఆటకు ముందు పంచిన కరపత్రము గాని మీ యింట నున్నచో పారవేయకుడు. ఊరిపేరు, సంవత్సరము వెనుక వ్రాసి దాచుడు. పిల్లలచేత దానిని చదివింపుడు. హోయిచి పోగొట్టుకొన్నది అక్షరము వ్రాయని చెవులనే.