బ్లైనావన్: వేల్స్ ఇనుము, బొగ్గు పట్టణం

బ్లైనావన్ ఆగ్నేయ వేల్స్‌లో ఓ లోయ పైకొసన ఉన్న చిన్న పట్టణం. జనాభా సుమారు 6 వేలు. ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమందికి తెలిసింది బిగ్ పిట్ అనే బొగ్గు గని. కానీ ఈ ఊరు పుట్టింది ఇనుము కోసం. ఆ సంగతి పట్టించుకోకుండా గని ఒక్కటే చూసి వెళ్తే సగం చరిత్ర తెలియనట్టే.

18వ శతాబ్దం చివరిదాకా ఇదంతా గొర్రెలు మేసే కొండ ప్రాంతం. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ చుట్టుపక్కలే దొరుకుతాయని గ్రహించిన థామస్ హిల్, థామస్ హాప్‌కిన్స్, బెంజమిన్ ప్రాట్ అనే ముగ్గురు భాగస్వాములు ఆబర్‌గవెనీ ప్రభువు నుంచి భూమిని కౌలుకు తీసుకున్నారు. 1789 నాటికి మూడు కొలుములు వెలిగాయి. గాలి ఊదడానికి ఏటి నీటి మీద ఆధారపడకుండా మొదటినుంచీ ఆవిరి యంత్రాన్నే వాడటం ఆ రోజుల్లో పెద్ద సాహసం. 1812 నాటికి కొలుములు అయిదయ్యాయి, ఏటా 14,000 టన్నుల ఇనుము తీసే సామర్థ్యం వచ్చింది.

ఆ కర్మాగారపు శిథిలాల్లో నిలబడి చూడవలసింది 1839 నాటి రాతి బురుజు. కింద తయారైన ఇనుమును కొండమీది పట్టాల దాకా ఎత్తడానికి దాన్ని కట్టారు. కప్పీ మీదుగా వేసిన గొలుసుకు రెండు వైపులా రెండు వేదికలు, ఒక్కోదాని అడుగున ఒక్కో నీళ్ల తొట్టి. పైనున్న తొట్టిని నింపితే ఆ బరువుకు అది దిగుతుంది, రెండోవైపు బండి పైకి లేస్తుంది. దిగిన తొట్టిని ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టేవారు. ఇంత పనికి బొగ్గు ముక్కయినా ఖర్చు కాదు. పైకి చేరిన ఇనుము గుర్రాలు లాగే బండ్లలో, సుమారు 2.4 కిలోమీటర్ల పూల్ దీ సొరంగం దాటి, బ్లోరెంజ్ కొండ అవతలి కాలువ రేవుకు వెళ్లేది. పక్కనే స్టాక్ స్క్వేర్‌లో కార్మికుల ఇరుకిళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ప్రపంచం ఈ ఊరికి బాగా రుణపడింది 1870ల చివర్లో. ఖనిజంలో భాస్వరం ఉంటే అప్పటి పద్ధతిలో తయారైన ఉక్కు పెళుసుబారేది. లండన్ కోర్టు గుమాస్తా సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్, బ్లైనావన్‌లో రసాయనవేత్తగా ఉన్న బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్ కలిసి దానికి విరుగుడు కనిపెట్టారు. కొలిమి లోపలి పూతకు క్షార గుణమున్న పదార్థం వాడితే భాస్వరం చిట్టెంలోకి పోతుంది, ఆ చిట్టెం పొలాలకు ఎరువవుతుంది. అయితే ఎక్కువ లాభపడినవి భాస్వరపు ఖనిజం పుష్కలంగా ఉన్న జర్మనీ వంటి దేశాలు. ఇక్కడ పుట్టిన విద్యే ఇక్కడి పరిశ్రమకు పోటీదారులను తయారుచేసింది.

ఇనుము తగ్గేకొద్దీ బొగ్గు పెరిగింది. రెండు బండ్లు పక్కపక్కనే పట్టేంత వెడల్పాటి బావి ఉన్నందుకే బిగ్ పిట్‌కు ఆ పేరు వచ్చింది. ఉచ్చదశలో సుమారు 1,300 మంది అందులో పనిచేశారు. కార్మికులు ఒళ్లు కడుక్కోవడానికి స్నానశాల మాత్రం 1939లో గానీ రాలేదు. అంతవరకూ ఆ మసి కడగడానికి నీళ్లు మోసి, కాచి ఇచ్చింది ఇంటి ఆడవాళ్లే. వాళ్ల శ్రమ ఏ ఉత్పత్తి లెక్కలోకీ ఎక్కలేదు. 1890ల్లో కట్టిన వర్క్‌మెన్స్ హాల్‌కు డబ్బు కార్మికుల జీతాల్లోంచే వచ్చింది. ఊరి నడుమ ఇప్పటికీ గంభీరంగా నిలిచిన భవనమది.

గని 1980 ఫిబ్రవరిలో మూతపడి, 1983లో సందర్శకుల కోసం తెరుచుకుంది. చుట్టుపక్కల ప్రాంతమంతటినీ 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గని చూడాలంటే హెల్మెట్ పెట్టుకుని, నడుముకు బ్యాటరీ కట్టుకుని బోనులో 90 మీటర్ల లోతుకు దిగాలి. మండే వాయువు భయంతో ఫోన్లు, బ్యాటరీ గడియారాలు, అగ్గిపెట్టెలు పైనే తీసుకుంటారు. మీటరు కంటే పొట్టి పిల్లల్ని దించరు. కింద గుర్రాల శాలల్లో వాటి పేర్లు రాసిన పలకలు కనిపిస్తాయి. చుట్టూ తిప్పి చూపేది గనుల్లో పనిచేసినవాళ్లే కాబట్టి, వాళ్లు ఉండగానే వెళ్లి వినాలి.

ఇనుప కర్మాగార యజమానుల కుటుంబానికి చెందిన సారా హాప్‌కిన్స్ 1816లో కార్మికుల పిల్లల కోసం కట్టించిన బడి ఇప్పుడు వారసత్వ కేంద్రం. దాని పక్కనున్న చర్చిలో జ్ఞానస్నానపు తొట్టి కూడా పోత ఇనుమే. ఒక్కరోజే తీరిక ఉంటే పొద్దున కొలుములు చూసి, తర్వాత గనికి వెళ్లడం మేలు.