నల్లజాతి కళాశాల క్రీడాకారులు: అస్తిత్వం, మానసిక ఆరోగ్యం

అమెరికా కళాశాలల్లో ఆడే నల్లజాతి విద్యార్థులు తమను ముందుగా ఆటగాళ్లుగా భావించుకుంటారా, నల్లజాతివారిగానా, విద్యార్థులుగానా, ఆ భావన వారి మనసుపై ఏ ప్రభావం చూపుతుంది అన్నది 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో పరిశోధనాంశమైంది. సమస్య అంతకంటే పాతది. అయోవా స్టేట్ కళాశాల తొలి నల్లజాతి క్రీడాకారుడు జాక్ ట్రైస్ 1923 అక్టోబరులో మిన్నెసోటాతో ఫుట్‌బాల్ పోటీకి ముందురాత్రి, తన జాతి, కుటుంబం, తన సొంత గౌరవం ఆ ఆటపైనే ఆధారపడి ఉన్నాయని రాసుకున్నాడు. ఆ పోటీలో తగిలిన దెబ్బలతో రెండు రోజులకే చనిపోయాడు.

1960ల నాటికి మైదానంలో చోటు దొరికినా గొంతెత్తే హక్కు దొరకలేదు. 1969లో వయోమింగ్ విశ్వవిద్యాలయంలో 14 మంది నల్లజాతి ఆటగాళ్లు, నల్లజాతివారికి పౌరోహిత్యం నిరాకరించిన మోర్మన్ చర్చి విధానానికి నిరసనగా చేతికి నల్లపట్టీలు కట్టుకుంటామని అడగబోతే, కోచ్ అందరినీ జట్టు నుంచి తీసేశాడు. ఆటగాడిగా ఉండాలంటే మిగతాదంతా వదులుకోవాలన్నది అందులోని షరతు.

1971లో మనస్తత్వవేత్త విలియం క్రాస్ నల్లజాతి అస్తిత్వం దశలవారీగా రూపుదిద్దుకుంటుందని ప్రతిపాదించాడు. 1991లో సామాజిక శాస్త్రవేత్తలైన అడ్లర్ దంపతులు ఒక బాస్కెట్‌బాల్ జట్టును ఏళ్ల తరబడి గమనించి రాసిన పుస్తకం అసలు విషయం పట్టుకుంది: చదువుపై ఆశతో వచ్చిన కుర్రాళ్లను ఆటగాడి పాత్ర క్రమంగా మింగేస్తుంది. 1993లో మనస్తత్వవేత్త బ్రిట్టన్ బ్రూయర్ బృందం క్రీడా అస్తిత్వాన్ని కొలిచే ప్రశ్నావళి రూపొందించింది. ఆటే సర్వస్వమైనవారు గాయపడినా, జట్టులో చోటు పోయినా కుంగుబాటుకు లోనయ్యే అవకాశం ఎక్కువ. పైగా నల్లజాతి ఆటగాళ్లపై రెండు ముద్రలుంటాయి: చదువురాని ఆటగాడు, తెలివి తక్కువ జాతి. అలాంటి ముద్ర భయమే పరీక్షలో మార్కులు తగ్గిస్తుందని క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ 1995లో చూపారు. జాతి పట్ల గర్వం మనసుకు కొంత రక్షణనిస్తుందని రాబర్ట్ సెల్లర్స్ వంటివారి పరిశోధనలు సూచించాయి.

2018లో పరిశోధకుడు షాన్ హార్పర్ నివేదిక ప్రకారం 65 పెద్ద విశ్వవిద్యాలయాల విద్యార్థుల్లో నల్లజాతి పురుషులు 2.4 శాతం, ఫుట్‌బాల్ జట్లలో 55 శాతం. తరగతిలో ఒంటరితనానికి మూలం ఈ లెక్కలోనే ఉంది. 1969 నాటికి భిన్నంగా, 2015లో మిస్సోరి విశ్వవిద్యాలయ ఆటగాళ్లు జాతివివక్షపై నిరసనగా ఆడబోమని ప్రకటించిన రెండు రోజులకే విశ్వవిద్యాలయ వ్యవస్థ అధ్యక్షుడు రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది కళాశాల క్రీడల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ మానసిక ఆరోగ్య మార్గదర్శకాలు వెలువరించింది. అయితే ఈ పరిశోధన ఎక్కువగా పురుషుల గురించే. నల్లజాతి క్రీడాకారిణులపై పని ఇప్పటికీ తక్కువే.