నూనెలో తడిసిన పక్షిని కడగడం మనిషి ఎలా నేర్చుకున్నాడు?

వైల్డ్‌లైఫ్ ఇంటర్న్‌షిప్ అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? చేతిలో గుడ్లగూబ పిల్ల, పాలసీసా, ఒక మంచి రీల్. కానీ దెబ్బతిన్న జంతువుల్ని చూసుకునే చాలా సెంటర్లలో స్టూడెంట్‌కి మొదట దొరికే పని వేరు. గిన్నెలు తోమాలి, టవళ్లు ఉతకాలి, ప్రతి పక్షి బరువు తూచి రాయాలి. పైగా "దగ్గర నిలబడి మాట్లాడకండి, ముద్దు చెయ్యకండి" అని రూల్స్. ఇంత స్ట్రిక్ట్‌గా ఎందుకుంటారో తెలియాలంటే ఒక 50 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1971 జనవరి 18, శాన్ ఫ్రాన్సిస్కో. ఇంకా తెల్లారలేదు, దట్టమైన పొగమంచు. గోల్డెన్ గేట్ బ్రిడ్జి దగ్గర రెండు ఆయిల్ ట్యాంకర్లు గుద్దుకున్నాయి. విచిత్రం ఏంటంటే రెండూ స్టాండర్డ్ ఆయిల్ అనే ఒకే కంపెనీవి! దాదాపు 8 లక్షల గ్యాలన్ల చమురు, అంటే మన లెక్కలో సుమారు 30 లక్షల లీటర్లు, సముద్రంలో కలిసింది.

ఊరు ఊరంతా బీచ్‌కి పరిగెత్తింది. కాలేజీ స్టూడెంట్లు కూడా. నల్లగా తడిసి ముద్దైన పక్షుల్ని ఏరి తెచ్చారు, ఇంచుమించు 4,300. వాళ్ల ప్రేమలో లోపం లేదు. కానీ ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. తేగానే కడిగేశారు. చమురు వదలడానికి సాల్వెంట్లు కూడా వాడి చూశారు. చివరికి బతికి, మళ్లీ సముద్రంలోకి వెళ్లినవి ఎన్నో తెలుసా? సుమారు 300.

అసలు పొరపాటు ఎక్కడ జరిగింది? పక్షి ఈకని దగ్గరగా చూస్తే, సన్నటి పోగులు మన బ్యాగు జిప్పులాగా ఒకదానికొకటి లాక్ అయి ఉంటాయి. ఆ అల్లికే దాని రెయిన్‌కోటు, అదే స్వెట్టరు. చమురు అంటగానే అల్లిక విడిపోతుంది, చలి ఒంట్లోకి దిగుతుంది. పక్షి ముక్కుతో ఈకలు సర్దుకుంటూ ఆ చమురునే మింగేస్తుంది. అప్పటికే చలితో, ఆకలితో, భయంతో ఉన్న ప్రాణిని పట్టుకుని స్నానం చేయిస్తే? మనిషి చెయ్యి దానికి ఓదార్పు కాదు, పులి పంజాతో సమానం. కడగడం ఆలస్యమై పోయినవి కొన్నైతే, కడగడానికి తొందరపడటం వల్ల పోయినవి ఇంకొన్ని.

అక్కడ ఆలిస్ బెర్క్‌నర్ అనే నర్సు ఉన్నారు. ఆవిడ ఇదంతా చూసి వదిలెయ్యలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో బర్క్‌లీలో 'ఇంటర్నేషనల్ బర్డ్ రెస్క్యూ' మొదలుపెట్టారు. రకరకాల సబ్బులు పరీక్షించారు. 1970ల చివర్లో దొరికిన సమాధానం ఏంటంటే, డాన్ అనే మామూలు గిన్నెలు తోమే లిక్విడ్! కానీ నన్నడిగితే సబ్బు కంటే పెద్ద విషయం ఆర్డర్. ముందు వెచ్చగా ఉంచాలి, ద్రవాలు పట్టాలి, తిండి పెట్టాలి. ఒకటి రెండు రోజులకి తేరుకున్నాకే కడగాలి. తర్వాత సబ్బు చుక్క కూడా మిగలకుండా శుభ్రంగా నీళ్లు కొట్టాలి, లేకపోతే ఆ జిప్పు మళ్లీ పడదు. బరువు తూచి రాసే బోరింగ్ పని ఎందుకంటే, తేరుకుందా లేదా అని పక్షి చెప్పలేదు, ఆ నోటుబుక్కు చెప్పాలి.

ఇప్పుడు 2000 జూన్‌కి వద్దాం, దక్షిణాఫ్రికా. కేప్ టౌన్ దగ్గర 'ట్రెజర్' అనే ఓడ మునిగింది. సుమారు 19,000 పెంగ్విన్లకి చమురు అంటింది. అక్కడి శాంకాబ్ అనే సంస్థ 1968 నుంచీ ఇదే పనిలో ఉంది. అమెరికా నుంచి ఆ బర్డ్ రెస్క్యూ వాళ్లూ వచ్చారు, వేల మంది వాలంటీర్లూ వచ్చారు. ఈసారి 90 శాతానికి పైగా పెంగ్విన్లు బతికి సముద్రానికి వెళ్లాయి! చమురు అంటని ఇంకో 19,000 పైచిలుకుని లారీల్లో పోర్ట్ ఎలిజబెత్ తీసుకెళ్లి వదిలారు. అవి వందల కిలోమీటర్లు ఈదుకుంటూ ఇంటికొచ్చేలోపు ఇక్కడ సముద్రం శుభ్రం చెయ్యడానికి టైం దొరికింది. పీటర్, పామెలా, పెర్సీ అనే మూడింటికి ట్రాకర్లు కట్టారు. జనం ఇంటర్నెట్‌లో వాటి ప్రయాణాన్ని మ్యాచ్ స్కోర్ చూసినట్టు చూశారు.

మన దగ్గర చమురు కాదు, మాంజా. నైలాన్ మాంజాని 2017లోనే గ్రీన్ ట్రిబ్యునల్ నిషేధించినా సంక్రాంతికి గద్దల రెక్కలు తెగుతూనే ఉన్నాయి. అలాంటి పక్షి దొరికితే నోట్లో నీళ్లు పోయకండి, ఫోటోల కోసం చేతులు మార్చకండి. గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, మూత పెట్టి, చప్పుడు లేని చోట ఉంచి అటవీ శాఖకి ఫోన్ చెయ్యండి. ఇంట్లో పెంచుకుందాం అనుకుంటే, రక్షిత జాతుల విషయంలో 1972 చట్టం ప్రకారం అది నేరం.

పాలసీసాతో పెంచిన ఏనుగు పిల్లల కథ వేరే ఉంది. అది వచ్చే ఎపిసోడ్‌లో.