బొమ్మలో పరకాయ ప్రవేశం

మాట్లాడే బొమ్మలు మనకేమీ కొత్త కాదు. విక్రమార్కుడి సింహాసనానికి 32 సాలభంజికలు. భోజరాజు పాపం ముచ్చటపడి ఆ సింహాసనం ఎక్కబోతే, ఒక్కొక్క బొమ్మా నోరు విప్పి ఒక్కొక్క కథ చెప్పి, “అంతటి గుణం నీలో ఉంటే ఎక్కు” అని మెట్టుమెట్టుకీ ఆపేసింది. ఆ విక్రమార్కుడికే పరకాయ ప్రవేశం కూడా తెలుసుననీ, ప్రాణం లేని చిలక శరీరంలో దూరి మాట్లాడాడనీ అమ్మమ్మలు చెప్పగా విన్నాం. ఈ రెండు కథలకీ ముడివేస్తే ఇప్పుడు నేను చెప్పబోయే విషయం వస్తుంది. దేశదేశాల్లో కొందరు సరదాపరులు కొట్లో కొన్న ఎలక్ట్రానిక్ బొమ్మని విప్పి, అందులో ఉన్న మెదడు తీసేసి, తాము తయారుచేసిన బుద్ధిని అందులో ప్రవేశపెడుతున్నారు. ఆ బుద్ధి కాపరముండే ఇంటిపేరు మైక్రోకంట్రోలరు.

పేరు చూసి పేజీ తిప్పెయ్యకండి. ఇది మన వంటింటి విద్యే. మనం పెరట్లోకి వెళ్తూ, “అమ్మడూ, కుక్కరు 3 కూతలు కూయగానే స్టవ్ కట్టెయ్యమ్మా” అని పిల్లకి చెప్తాం కదా? ఆ పిల్ల చేసే పనులు మూడు. చెవితో వినడం, మనసులో లెక్కపెట్టడం, చేత్తో స్టవ్ కట్టడం. మైక్రోకంట్రోలరు చేసేదీ అంతే. ఒక కాలి గుండా కబురు వింటుంది, మనం రాసిపెట్టిన ఆజ్ఞ ప్రకారం లెక్క చూసుకుంటుంది, ఇంకో కాలి గుండా “వెలుగు”, “తిరుగు”, “కూయి” అని చెప్తుంది. వేలిగోరంత చిప్పు. మన అమ్మడికీ దానికీ తేడా ఒక్కటే. అది మధ్యలో ఆటకి పారిపోదు.

ఇక చరిత్రలోకి వెళ్దాం. మాట్లాడే బొమ్మని పెద్దఎత్తున అంగడికెక్కించినవాడు మనకి తెలిసిన ఎడిసన్ మహాశయుడే. 1890లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, వెస్ట్ ఆరెంజ్ అనే ఊళ్ళో ఆ బొమ్మల్ని తయారుచేయించాడు. సుమారు 22 అంగుళాల ఎత్తు, పొట్టలో బుల్లి ఫోనోగ్రాఫు. వీపు మీద మర తిప్పితే పిల్లల పాటొకటి వినిపించేది. ఒక రికార్డు నుంచి వంద నకళ్ళు తీసే సదుపాయం వాళ్ళకి అప్పటికి అమరలేదు. అంచేత జీతానికి పెట్టుకున్న ఆడపిల్లలు యంత్రాల ముందు కూర్చుని, ప్రతి బొమ్మ కోసం ఆ పాట మళ్ళీ మొదటినుంచీ చెప్పవలసి వచ్చింది. ఎన్ని వందలసార్లు చెప్పారో, ఎన్ని గొంతులు బొంగురుపోయాయో! ఇంతా చేస్తే ఆ మైనపు రికార్డులు అరిగిపోయి, బొమ్మ గొంతు పిల్లల్ని జడిపించేలా తయారైంది. కొద్ది వారాలకే అమ్మకం ఆగిపోయింది.

బొమ్మ ఓడిపోయినా ఒక పద్ధతి మాత్రం నిలిచిపోయింది. బొమ్మ ఏం మాట్లాడాలో అమ్మేవాడు నిర్ణయిస్తాడు. పిల్ల మర తిప్పుతుంది, వింటుంది. అంతే.

తరవాత ఎనభై ఎనిమిదేళ్ళకి బొమ్మల లోకంలో ఒక పెద్ద మలుపు వచ్చింది. 1974లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ లెక్కపెట్టే భాగాన్నీ, జ్ఞాపకాన్నీ ఒకే చిప్పులో ఇమిడ్చిన బుల్లి కంప్యూటర్లని మార్కెట్లోకి తెచ్చింది. ఆ కంపెనీయే 1978లో ‘స్పీక్ అండ్ స్పెల్’ అనే బొమ్మని తెచ్చింది. ఎర్రటి పలక లాంటిది. అది ఒక మాట పలుకుతుంది, పిల్లలు దాని స్పెల్లింగు నొక్కాలి. అందులో టేపూ లేదు, రికార్డూ లేదు. మనిషి గొంతుని అంకెలుగా మార్చి దాచి, ఒక్క చిప్పే ఆ అంకెల్ని తిరిగి మాటగా పలికిస్తుంది. బొమ్మకి సిసలైన మెదడు వచ్చిందన్నమాట.

మెదడు వచ్చిన మరు నిమిషం నుంచే దానితో చెలగాటం మొదలైంది. 1982లో వచ్చిన ‘ఇ.టి.’ సినిమా చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. దారి తప్పి భూమ్మీద చిక్కుకున్న ఆ వింత జీవి తన వాళ్ళకి కబురు పంపడానికి ఒక యంత్రం కట్టుకుంటుంది. అందులో ఉన్నవి గొడుగు, రంపపు చక్రం, పిల్లల దగ్గర తీసుకున్న ఈ స్పీక్ అండ్ స్పెల్. స్పెల్లింగు నేర్పే బొమ్మ చేత “ఇంటికి తీసుకుపొండి” అనిపించాడు ఆ బుడంకాయ. ఆ దృశ్యం చూసి ఎంతమంది పిల్లలు తమ బొమ్మల వెనక మరలు విప్పి చీవాట్లు తిన్నారో!

సినిమాకి చాలా ముందే, 1966 ప్రాంతంలో, సిన్సినాటిలో రీడ్ గజాలా అనే కుర్రవాడికి అనుకోకుండా ఒక వింత ఎదురైంది. మూత లేని చిన్న ఆంప్లిఫయరు ఒకటి అతని మేజా సొరుగులో పడి ఉంది. దాని లోపలి భాగాలు ఏదో లోహానికి తగిలి, ఎన్నడూ వినని రాగాలు తీయడం మొదలెట్టింది. తప్పుగా తగిలితేనే ఇంత సంగీతం వస్తే కావాలని తగిలిస్తే ఎంత రావాలి అనుకున్నాడు. బేటరీతో నడిచే బొమ్మల లోపల ఇక్కడి తీగ అక్కడ అంటించి కొత్త వాద్యాలు తయారుచేయడం ఒక కళగా ఎదిగింది. తరవాతి కాలంలో ఆ కళాకారులకి స్పీక్ అండ్ స్పెల్ అంటే ప్రాణం.

ఇంతవరకూ సరదా. అసలు తగువు 1992లో, మన ఆడపిల్లల విషయంలోనే వచ్చింది.

ఆ ఏడు మేటెల్ కంపెనీ మాట్లాడే బార్బీని విడుదల చేసింది. మొత్తం 270 వాక్యాలు తయారుచేసి, ఒక్కొక్క బొమ్మలో నాలుగేసి పెట్టారు. వాటిలో ఒక వాక్యం “లెక్కల క్లాసు కష్టం” అని. చూశారా, కంపెనీ వాళ్ళు ఏరి కోరి ఆడపిల్ల ఒళ్ళో కూర్చోబెట్టిన మాట! చదువుకున్న స్త్రీల సంఘాలు తప్పుపట్టాయి. కంపెనీ ఆ ఏడు అక్టోబరులో ఆ వాక్యాన్ని తీసేసి, అప్పటికే కొన్నవాళ్ళు కావాలంటే బొమ్మ మార్చుకోవచ్చని చెప్పింది.

మరుసటి ఏడు క్రిస్మస్‌కి ‘బార్బీ విమోచన సంస్థ’ పేరుతో కొందరు చిలిపి కళాకారులు బయల్దేరారు. బార్బీలనీ, జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మల్నీ వందల్లో కొన్నారు. పొట్టలు విప్పి మాట్లాడే పెట్టెలు అటూ ఇటూ మార్చి, కుట్టేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కొట్లలో పెట్టి వచ్చారు. పండగపూట పిల్లలు పెట్టె విప్పి చూస్తే, గౌను తొడుక్కున్న బార్బీ బొంగురు గొంతుతో “పగ తీర్చుకుంటాను” అని గర్జిస్తోంది. తుపాకీ పట్టుకున్న సైనికుడేమో షాపింగుకి పోదామని మురిసిపోతున్నాడు. నవ్వొచ్చే మాటే గానీ, ఆ నవ్వులో ఒక చురక ఉంది. ఎవరి నోట ఏ మాట పెట్టాలో ఎవరో కూర్చుని తేల్చేశారని, పెట్టె మారేదాకా మనకే తట్టలేదు.

1998లో ఫర్బీ వచ్చింది. గుడ్లగూబలా కళ్ళు, చేటల్లాంటి చెవులు. కళ్ళూ చెవులూ నోరూ అన్నీ ఒక్క మోటారుతోనే కదిలేవి. మొదట్లో తన సొంత భాష మాట్లాడి, పోను పోను ఇంగ్లీషు మాట్లాడేది. “ఆహా, మన మాటలు విని నేర్చుకుంటోంది” అనుకున్నారు జనం. జనమే కాదు, 1999 జనవరిలో అమెరికా జాతీయ భద్రతా సంస్థ తన కార్యాలయాల్లో ఫర్బీ కాలు పెట్టకూడదని ఆంక్ష విధించిన సంగతి బయటికొచ్చింది. రహస్యాలు విని బయట వాగుతుందని భయం! నిజానికి దానికి విన్న మాట పట్టుకునే శక్తే లేదు. ఇంగ్లీషు మాటలన్నీ ముందే లోపల పెట్టి, కొద్దికొద్దిగా బయటికి వదిలేవారు. మూత విప్పి చూసినవాడికి ఒక్క గంటలో తెలిసే నిజం, విప్పని గూఢచారులకి తెలియలేదు.

మరి విప్పి చూస్తే ఏం కనిపిస్తుందంటారా? చవక బొమ్మ ఏదైనా విప్పండి. సన్నటి పచ్చ పలక మీద నల్లటి తారుబొట్టులాంటిది ఉంటుంది. దాని కిందే చిప్పు. ఫ్యాక్టరీలో దానికి నేర్పిన పాఠం అదొక్కటే. మనం కొత్తగా నేర్పడానికి సాధారణంగా వీలుండదు. అంచేత మన సరదాపరులు ఆ బొట్టుతో పోట్లాడరు. మోటారునీ, స్పీకరునీ, స్విచ్చీలనీ, దీపాలనీ అలాగే ఉంచి, మెదడునొక్కదాన్నే తప్పించి తమది పెడతారు. పరకాయ ప్రవేశం అన్నది అందుకే.

ఇందులో ఒక కిటుకుంది. మైక్రోకంట్రోలరు పిలిచే గొంతు చాలా సన్నం. చిన్న దీపాన్ని వెలిగించగలదు గానీ, మోటారుకి కావలసినంత కరెంటు ఇవ్వలేదు. నేరుగా తగిలిస్తే చిప్పే మాడిపోతుంది. అందుకని మధ్యలో ట్రాన్సిస్టరు పెడతారు. కుళాయిని రెండు వేళ్ళతో తిప్పితే మేడమీది ట్యాంకు నీళ్ళన్నీ దిగిరావూ? అలాగే చిప్పు తిప్పుతుంది, బేటరీ పని చేస్తుంది.

మొదట్లో ఈ విద్య ఇంజనీర్ల సొత్తు. పలకలు ఖరీదు, నేర్పే పద్ధతి కష్టం. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే చిన్న ఊళ్ళో, ఒక డిజైన్ విద్యాలయంలో, మాసిమో బాన్జీ, ఆయన సహచరులూ విద్యార్థుల కోసం ఒక పలక తయారుచేశారు. అంతకు రెండేళ్ళ ముందే అక్కడ చదివిన కొలంబియా విద్యార్థి హెర్నాండో బరగాన్ వేసిన బాట అది. ఊళ్ళో వాళ్ళు కూర్చునే పానశాల పేరే దానికి పెట్టారు: ఆర్డువీనో. ఆ పానశాలకేమో వెయ్యేళ్ళ నాటి రాజు పేరు. రాజు పేరు కొట్టుకీ, కొట్టు పేరు పలకకీ వచ్చాయి! ముఖ్యమైన సంగతి ఏమిటంటే, దాని నమూనాని దాచుకోకుండా లోకానికి ఇచ్చేశారు. ఎవరైనా చేసుకోవచ్చు. చవకయింది, ఊరూరా పాకింది.

ఆ తరవాత రెండేళ్ళకి, 2007లో, లియా బ్యూక్లీ అనే ఆవిడ ఇంకో అడుగు వేసింది. పలకని పువ్వులా గుండ్రంగా చేసి, రేకుల చివర బెజ్జాలు పెట్టింది. తీగలూ టంకమూ అక్కర్లేదు. కరెంటు పారే దారంతో, సూదితో బట్టకి కుట్టేయడమే. దాని పేరు లిలీపాడ్. గుడ్డ బొమ్మ గుండెమీద దీపం కుట్టాలంటే మన కుట్టుపని చాలు. ఆ పలకతో చేసి నలుగురికీ చూపించిన పనుల్ని తరవాత లెక్క తీస్తే, ఇంచుమించు మూడింట రెండు వంతులు స్త్రీలవే! ఆడవాళ్ళకి యంత్రాలు అబ్బవనే మాట ఎక్కడ తేలిపోయిందో చూడండి. సూది చేతికిచ్చేసరికి తేలిపోయింది.

ఇదంతా ఎందుకు? తోచక చేసే పనేనా? కాదు. ఈ విద్య ఎవరికి అక్కరకొస్తుందో చెప్పి ముగిస్తాను.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పసివాడి ముందు తోకాడించే కుక్కబొమ్మ పెట్టారనుకోండి. బొమ్మ పొట్టకింద స్విచ్చి బఠాణీ గింజంత. వాడి వేళ్ళు అంత చిన్నదాన్ని నొక్కలేవు. ఆడించేది ఎప్పుడూ పెద్దవాళ్ళే, వాడు చూసేవాడు. లిండా బర్క్‌హార్ట్ అనే ఉపాధ్యాయిని 1980లోనే ఇలాంటి బొమ్మల్ని ఇంట్లో మార్చుకునే పద్ధతులతో పుస్తకం రాసింది. బేటరీకీ దాని రేకుకీ మధ్య రెండు రాగిముక్కలు, వాటి నడుమ కరెంటు పారని అడ్డు, రెండు తీగలు. ఆ తీగల చివర అరచేయంత స్విచ్చి. అరచేత్తోనో, మోచేత్తోనో, తలవాల్చో నొక్కొచ్చు.

అయినా ఒక చిక్కు మిగిలింది. చెయ్యి జారితే బొమ్మ ఆగిపోతుంది. మధ్యలో ఈ బుల్లి మెదడు పెడితే, ఒక్కసారి తగిలినా కుక్క 10 సెకన్లు తోకాడిస్తుంది. ఇంకొకరికి 5 చాలు, వేరొకరికి 20 కావాలి. అంకె మార్చడమే. కొట్లో కొన్న బొమ్మ పిల్లలందరికీ ఒకటే. ఇది ఆ ఒక్క పిల్లవాడిది.

అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రోజుల్లో కోల్ గాలొవే ‘గో బేబీ గో’ పేరుతో పిల్లలు ఎక్కి తోలే బేటరీ కార్లని ఇలాగే మార్పించాడు. కాలితో తొక్కే పెడలుకి బదులు చేత్తో నొక్కే పెద్ద బొత్తాం, ఒరిగిపోకుండా ప్లాస్టిక్ గొట్టాల ఆసరా. పాకలేని పిల్ల తనంతట తాను అమ్మ దగ్గరికి వెళ్ళడం, ఇంకా బాగుంటే అమ్మని వదిలి దూరంగా పోవడం! అది చూసిన తల్లి మనసు మీకు నేను చెప్పాలా?

పరకాయ ప్రవేశంలో ప్రమాదమూ ఉంది. రాజుగారి ఖాళీ శరీరంలో ఇంకెవడో దూరిన కథ కూడా అమ్మమ్మలు చెప్పారు. ఇంటర్నెట్‌తో మాట్లాడే కేలా అనే బొమ్మని 2017లో జర్మనీ నిషేధించింది. బయటివాళ్ళు దాని గుండా ఇంట్లో మాటలు వినే వీలుందని, కొన్నవాళ్ళు దాన్ని పాడుచేసెయ్యమంది. కాబట్టి బొమ్మ కొనేటప్పుడు దాని మాటలే కాదు, చెవులు కూడా చూడాలి. విప్పేటప్పుడు బేటరీ బొమ్మలే విప్పాలి గానీ గోడ ప్లగ్గుకి తగిలించేవాటి జోలికి పోకూడదు. గుండీ అంత బేటరీలు పసివాళ్ళు మింగితే ప్రాణాంతకం, వాటిని అందకుండా దాచాలి.

ఇంతకీ, బొమ్మ విప్పిన పిల్లని మనం ఇంకా చీవాట్లు పెడుతూనే ఉన్నాం. ఈసారి తిట్టేముందు ఒక్క క్షణం ఆగి, “దీని చేత ఏం చేయించాలనుకుంటున్నావే?” అని అడిగి చూడండి. జవాబు ఉంటే స్క్రూడ్రైవరు ఇచ్చి పక్కన కూర్చోండి. లేకపోయినా కూర్చోండి, విప్పుతుంటే అదే తోస్తుంది.